చివరి పడవ ఎక్కాలా, ఉండిపోవాలా?

మధ్యాహ్నం మూడు దాటగానే బాకో జాతీయ పార్కు ఒడ్డున హడావుడి మొదలవుతుంది. పొద్దున కూచింగ్ నగరం నుంచి వచ్చినవాళ్లంతా లైఫ్ జాకెట్లు తగిలించుకుని పడవల కోసం నిలబడతారు. టెలోక్ అస్సామ్ అనే ఆ చిన్న అఖాతం మీద ఎండ ఇంకా చుర్రుమంటూనే ఉంటుంది. పడవలు ఒక్కొక్కటిగా కదిలి కనుమరుగవుతాయి. ఆ తర్వాత గంటకో గంటన్నరకో ఒడ్డునున్న మడచెట్ల కొమ్మలు ఊగడం మొదలవుతుంది. వేలాడే ముక్కు, బానపొట్ట, ఇటుకరంగు వీపు. బోర్నియో ద్వీపంలో తప్ప ప్రపంచంలో మరే అడవిలోనూ లేని ప్రొబోసిస్ కోతులు రాత్రి పడకకు తీరం వైపు వస్తున్నాయన్నమాట. వాటిని చూడాలనే సముద్రం దాటి వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికి తిరుగుదారిలో ఉంటారు.

మలేసియాలోని సారవాక్ రాష్ట్రానికి వెళ్లే ప్రతి కుటుంబంలోనూ ఈ చర్చ జరుగుతుంది. బాకోను ఒక్కరోజులో చూసి వచ్చేయాలా, రాత్రి అక్కడే ఉండాలా? కూచింగ్ నుంచి రోడ్డు మీద 37 కిలోమీటర్లు వెళితే బాకో ఊరు. అక్కడి నుంచి పడవలో అరగంట లోపే. పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే సాయంత్రం కాఫీకి హోటల్లో ఉండొచ్చు. ఇంత దగ్గరగా ఉన్నదానికి మళ్లీ బస ఎందుకు, బ్యాగులు మోసుకెళ్లడం ఎందుకు అనిపించడం సహజం. ఆ దగ్గరతనమే మోసం చేస్తుంది.

మనకు ఈ లెక్క కొత్తది కాదు. రాజమహేంద్రవరం నుంచి పాపికొండలకు వెళ్లేవాళ్లు ఒకరోజు టూరా, రెండు రోజుల టూరా అని తర్జనభర్జన పడ్డవాళ్లే. పొద్దున లాంచీ ఎక్కి పేరంటాలపల్లి చూసి చీకటి పడేలోపు ఇల్లు చేరినవాళ్లున్నారు. కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో పడుకుని, తెల్లారి గోదావరి మీద మంచు విచ్చుకోవడం చూసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ పాపికొండలు చూశామనే చెబుతారు. ఇద్దరూ చూసింది మాత్రం ఒకటి కాదు.

బాకో విషయంలో నా మాట సూటిగా చెబుతాను. వీలున్నవాళ్లు రాత్రి ఉండాలి. అడవిలో ఎక్కువసేపు గడిపితే ఎక్కువ కనిపిస్తుందని కాదు. ఒక్కరోజు యాత్రికుడికి దక్కేది సుమారు పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు వరకు. వర్షారణ్యంలో జంతువులు కదలకుండా, పక్షులు కూయకుండా ముడుచుకుని ఉండే వేళ సరిగ్గా అదే. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది, మళ్లీ తెల్లవారుజాము నుంచి ఎనిమిది దాకా ఆ అడవి బతికే వేళలు. ఆ రెండూ చివరి పడవ ఎక్కినవాళ్లకు దొరకవు.

చిన్న పార్కే, కానీ...

బాకో సారవాక్‌లో అన్నింటికన్నా పాత జాతీయ పార్కు. 1957లో ప్రకటించారు. విస్తీర్ణం 27 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నూరో వంతు. రెండు నదులు సముద్రంలో కలిసే చోట పొడుచుకొచ్చిన ఇసుకరాతి ద్వీపకల్పం అది. ఇంత చిన్న చోట ఏడు రకాల వృక్షసంపద ఉంది. ఒడ్డున మడ అడవి, ఇసుకతీరపు చెట్లు, కొండచరియలను పట్టుకుని పెరిగే పొదలు, లోపల చిత్తడి అడవి, ఆకాశాన్నంటే డిప్టెరోకార్ప్ చెట్ల అడవి, పైకెక్కితే కెరంగాస్ అని స్థానికులు పిలిచే పొట్టి చెట్ల అడవి, దాని మీద రాతి పీఠభూమి మీది గడ్డి మైదానం. ఒక కాలిబాటలో గంట నడిస్తే వీటిలో మూడు నాలుగు దాటిపోతాం.

కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడిచినవాళ్లకు బాకో ఒడ్డు చూడగానే చుట్టరికం కనిపిస్తుంది. అవే ఊత వేళ్లు, బురదలోంచి పొడుచుకొచ్చే శ్వాస వేళ్లు, నీళ్లు తీయగానే బురద మీద గెంతే చేపలు, ఒక డెక్క పెద్దది, ఒక డెక్క చిన్నదిగా ఉండే పీతలు. పైకెక్కాక మాత్రం పూర్తిగా వేరే లోకం. పీఠభూమి మీది తెల్ల ఇసుక నేలలో పోషకాలు దాదాపు ఉండవు. అందుకే అక్కడి మొక్కలు బతకడానికి ఇతర దారులు వెతుక్కున్నాయి. పిచ్చర్ మొక్కలు ఆకు చివర కూజాలు కట్టి పురుగుల్ని పట్టి జీర్ణం చేసుకుంటాయి. ఇంకొన్ని మొక్కలు కాండాన్ని ఉబ్బించి లోపల గదులు చేసి చీమలకు ఇల్లు ఇస్తాయి. చీమలు తెచ్చిపోసే చెత్తలోంచే వాటికి ఎరువు. ఈ అద్భుతాలు పగలూ రాత్రీ అక్కడే ఉంటాయి. మొక్కల కోసమే వెళ్లేవాళ్లకు ఒక్కరోజు సరిపోతుంది.

ఒక అపోహ ఇక్కడే తీర్చాలి. బోర్నియో అనగానే ఒరాంగుటాన్లు గుర్తొస్తాయి. బాకోలో అవి లేవు. వాటి కోసం కూచింగ్‌కు దక్షిణంగా ఉన్న సెమెంగో కేంద్రానికి వెళ్లాలి. అక్కడికి పొద్దునో మధ్యాహ్నమో మేత పెట్టే వేళకు వెళ్లి వస్తే చాలు, బస అక్కర్లేదు.

పెత్తనమంతా ఆటుపోట్లది

బాకోకు రోడ్డు లేదు. సముద్రం ఒప్పుకుంటేనే దారి. విశాఖ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా పెద్ద రోజుల్లో కూడా మీటరున్నర దరిదాపుల్లోనే ఉంటుంది. కూచింగ్ తీరంలో అది ఐదు మీటర్ల దాకా పోతుంది. అంటే పొద్దున పడవ ఆగిన జెట్టీ కింద మధ్యాహ్నానికి చుక్క నీరు లేకుండా బురద మాత్రమే మిగలొచ్చు. అప్పుడు పడవ దూరంగా ఆగుతుంది. చెప్పులు చేతబట్టుకుని, బ్యాగు నెత్తిన పెట్టుకుని, మోకాటి లోతు నీళ్లలో నడిచి ఎక్కాలి. మరీ తీసిపోతే నదిముఖం దగ్గర ఇసుకమేటల మీద పడవ సాగడమే కష్టం.

అందుకే పడవవాళ్లు పొద్దున దించేటప్పుడే తిరుగు సమయం ఖాయం చేసుకుంటారు. మీరు ఎంత బతిమాలినా నీళ్లు తీసే రోజున రెండు గంటలకే రమ్మంటారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. పడవ సాగే నదిలో ఉప్పునీటి మొసళ్లున్నాయి, ఒడ్డున హెచ్చరిక బోర్డులున్నాయి. చీకట్లో ఇసుకమేట మీద ఇరుక్కోవడం ఎవరికీ మంచిది కాదు. ఈ కారణంగా ఒక్కరోజు యాత్ర పేరుకే రోజు. కాగితం మీద ఎనిమిది గంటలు కనిపించినా, రాకపోకలు, టికెట్లు, పేరు నమోదు, తిండి పోగా అడవిలో నాలుగు గంటలు మిగిలితే గొప్ప. రాత్రి ఉండేవాళ్లకు మాత్రం పోటు ఎప్పుడొచ్చినా ఒకటే. ఇవాళ్టి పోటు మీద వస్తారు, రేపటి పోటు మీద వెళతారు.

ఈ ఆటుపోట్లు జంతువులకూ వేళలు పెడతాయి. నీళ్లు తీసినప్పుడు మడ అడవి బురద తేలుతుంది. ప్రొబోసిస్ కోతులు కొమ్మలు దిగి ఆ బురద మీద నడిచి వెళతాయి. గడ్డపు పందులు పీతల కోసం, పురుగుల కోసం ఇసుక తవ్వుతాయి. ఈ పందుల గురించి ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. 2021లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బోర్నియోకు పాకి, ద్వీపమంతటా వాటిని పెద్ద సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. పాత యాత్రికుల ఫొటోల్లో క్యాంటీన్ చుట్టూ తిరుగుతూ కనిపించే ఆ పెద్ద పందులు మీకు కనిపిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి.

కోతి కడుపులో గడియారం

ప్రొబోసిస్ కోతి మధ్యాహ్నం ఎందుకు కనిపించదో అర్థం కావాలంటే దాని పొట్ట సంగతి తెలియాలి. మన ఊళ్లలో తిరిగే కోతిలా అది అరటిపండుకు ఎగబడదు. లేతాకులు, పచ్చి కాయలు, గింజలు దాని ఆహారం. ఆవు పొట్టలాగే దాని పొట్టకూ అరలున్నాయి. ఆ అరల్లో సూక్ష్మజీవులు ఆకుల్ని పులియబెట్టి జీర్ణం చేస్తాయి. బాగా పండిన తీపి పండు పడితే లోపల వేగంగా పులిసి గ్యాసు పట్టి ప్రాణం మీదికి రావొచ్చు. కాబట్టి యాత్రికులు ప్రేమగా విసిరే పండు దానికి విషంతో సమానం.

జపాన్ శాస్త్రవేత్త ఇక్కి మత్సుదా బృందం సబా రాష్ట్రంలోని కినబటంగన్ నదీతీరంలో ఈ కోతుల్ని ఏళ్ల తరబడి గమనించింది. పగటి సమయంలో ముప్పాతిక వంతుకు పైగా అవి విశ్రాంతిలోనే గడుపుతాయని తేల్చింది. తిన్నదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తాయని 2011లో ప్రకటించింది కూడా ఈ బృందమే. కోతుల్లో అలాంటిది అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు. మధ్యాహ్నం పూట అవి దట్టమైన ఆకుల మధ్య కూర్చుని అరిగించుకుంటుంటాయి. కదలిక లేదు, చప్పుడు లేదు. మన కళ్ల ముందు చెట్టు మీదే ఉన్నా మనకు కనిపించవు.

ఎండ వాలగానే కథ మారుతుంది. రాత్రి పడకకు అవి నది ఒడ్డునో సముద్రపు ఒడ్డునో ఉన్న చెట్లను ఎంచుకుంటాయి. నీటి వైపు నుంచి మబ్బు చిరుత లాంటి వేటగాళ్లు రాలేవు గనుక కాపలా కాయాల్సింది ఒక్క దిక్కేననీ, అందుకే ఆ ఎంపిక అనీ పరిశోధకుల భావన. పడుకునే ముందు కడుపు నింపుకోవాలి కాబట్టి సాయంత్రం జోరుగా తింటాయి. ఒక పెద్ద మగకోతి, దాని చుట్టూ ఆడకోతులు, పిల్లలు. ఇరవై కిలోలకు పైగా తూగే ఆ మగకోతి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దూకినప్పుడు కొమ్మ విరిగిందేమోనన్నంత చప్పుడు. దాని ముక్కులోంచి వచ్చే గంభీరమైన హుంకారం దూరం నుంచే వినిపిస్తుంది. టెలోక్ పాకు, టెలోక్ డెలిమా అనే రెండు చిన్న బాటలు వీటికి పెట్టింది పేరు. ఒక్కోటి గంట లోపు నడక. ఐదు గంటలకు ఆ బాటల చివర కూర్చున్నవాళ్లకు నిరాశ ఎదురవడం అరుదు. చాలాసార్లు అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. గదుల ముందున్న చెట్లకే వస్తాయి.

పగటిపూట ఎవరికీ కనిపించవని నేను అనడం లేదు. తొమ్మిది గంటలకు పడవ దిగుతూనే జెట్టీ పక్కన గుంపును చూసినవాళ్లూ ఉన్నారు. అది అదృష్టం. సాయంత్రం వేళ దాన్ని అదృష్టం అనక్కర్లేదు.

నడకకూ ఒక వేళ ఉంది

బాకోలో కాలిబాటల్ని రంగు గుర్తులతో వేరు చేశారు. కొన్ని అరగంటవి, కొన్ని రోజంతా పట్టేవి. బాగా పేరున్న లింటాంగ్ బాట దాదాపు ఆరు కిలోమీటర్ల చుట్టు. మూడు నాలుగు గంటలు పడుతుంది. పార్కులోని దాదాపు అన్ని రకాల అడవుల్నీ చూపిస్తుంది కాబట్టి ఒక్కరోజు యాత్రికులు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. పదింటికి మొదలుపెడితే పన్నెండుకు సరిగ్గా పీఠభూమి మీదికి చేరతారు. అక్కడ నీడ ఉండదు. కింద రాయి కాలుతుంది, పై నుంచి భూమధ్యరేఖ ఎండ. గాల్లో తేమకు చెమట ఆరదు. మన మే నెల ఎండలు తిన్నవాళ్లకు కూడా అది వేరే రకం కష్టం. రోహిణి కార్తెలో దాహం వేస్తుంది, ఇక్కడ ఊపిరి బరువెక్కుతుంది. ఆ స్థితిలో పిచ్చర్ మొక్క పక్కనే ఉన్నా వంగి చూసే ఓపిక ఉండదు.

అదే బాటను రాత్రి బస చేసినవాళ్లు ఉదయం ఆరున్నరకు ఎక్కొచ్చు. రాళ్లింకా చల్లగానే ఉంటాయి. కింది అడవిలో పక్షుల సందడి అప్పుడే మొదలై ఉంటుంది. మొదటి పడవ వచ్చే వేళకు వాళ్లు సగం దారి దాటేసి ఉంటారు. ఆ రెండు గంటలూ ఆ బాట మీద మీరూ, మీతో వచ్చినవాళ్లూ తప్ప మరొకరు ఉండకపోవచ్చు.

వాన సంగతి కూడా ఇందులో భాగమే. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. కూచింగ్‌లో 4,000 మిల్లీమీటర్లు. ఐదు రెట్లు. ఏ నెలలో వెళ్లినా వాన పడకపోతే ఆశ్చర్యపోవాలి. ఒక్కరోజు యాత్రలో రెండు గంటలు వాన పట్టుకుంటే సగం రోజు పోయినట్టే. రాత్రి ఉండేవాళ్లు వరండాలో కూర్చుని వాన వెలిసేదాకా చూస్తారు. వాన వెలిశాక అడవి లేచి ఒళ్లు విరుచుకుంటుంది. కప్పలు, పురుగులు, వాటి కోసం వచ్చే పాములు, పక్షులు, అన్నీ ఒకేసారి.

చీకటి పడ్డాక

ఆ తీరంలో సూర్యుడు సుమారు ఆరున్నరకు దిగుతాడు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి మన దగ్గర ఉన్నట్టు సంధ్య సాగదు. చూస్తుండగానే చీకటి. ఆ కాస్త సమయంలో అడవి మొత్తం ఒక పాళీ దిగి మరో పాళీ ఎక్కుతుంది. ముందు ఇలకోళ్లు అందుకుంటాయి. మలేసియాలో ఒక పెద్ద ఇలకోడిని ఆరు గంటల ఇలకోడి అనే పిలుస్తారు. రోజూ ఆ వేళకే గొంతెత్తుతుంది, బూర ఊదినట్టు. పగలంతా చెట్టు కాండానికి బెరడులా అతుక్కుని నిద్రపోయిన కొలుగో కదులుతుంది. నాలుగు కాళ్ల మధ్యా తోక దాకా చర్మం గొడుగులా పరిచి చెట్టు నుంచి చెట్టుకు తేలిపోతుంది. ఒక్క ఊపులో వంద మీటర్లకు పైగా వెళ్లగలదు. గబ్బిలాలు, పునుగుపిల్లులు, మన దేవాంగపిల్లికి చుట్టమైన స్లో లోరిస్, గుడ్లగూబ కళ్ల టార్సియర్, అలుగు, మూషిక జింక. ఇవన్నీ బాకోలో ఉన్నాయి, అన్నీ రాత్రివే. హైదరాబాద్ నెహ్రూ జూలో పెంచి 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలిన మూషిక జింకలు గుర్తున్నాయా? వాటికి దగ్గరి బంధువులే ఇవి. కుందేలంత జింక. పగలు దాన్ని చూసినవాళ్లు తక్కువ.

ప్రపంచంలోని సస్తన్య జాతుల్లో దాదాపు మూడింట రెండు వంతులు నిశాచరులే. పగటి అడవిని మాత్రమే చూసి వచ్చినవాళ్లకు ఆ అడవిలోని సస్తన్యాల్లో అత్యధికం ఎదురుపడే అవకాశమే లేదు. ఈ ఒక్క లెక్క చాలు, బస మంచిదని చెప్పడానికి.

పార్కు సిబ్బంది వాతావరణం బాగుంటే రాత్రి ఎనిమిది ప్రాంతంలో యాత్రికుల్ని టార్చిలైట్లతో నడకకు తీసుకెళతారు. ఒకటిన్నర, రెండు గంటలు. పగలు చెట్టుకొమ్మ మీద ఆకుపచ్చ తాడులా కదలకుండా పడున్న పింజరి జాతి పాము రాత్రి తల ఎత్తి వేటకు సిద్ధంగా ఉంటుంది. ఆకు కింద నిద్రపోతున్న పిట్ట బంతిలా ముడుచుకుని కనిపిస్తుంది. సాలెపురుగుల కళ్లు టార్చి వెలుగుకు రవ్వల్లా మెరుస్తాయి. కుళ్లిన కట్టె మీద వెలిగే పుట్టగొడుగులు చూడాలంటే మాత్రం అందరూ టార్చిలు ఆర్పేయాలి. గుంపులో ఒక్కరు ఫోన్ వెలిగించినా అవి మాయమవుతాయి. దయచేసి ఆ ఒక్కరు మీరు కాకండి.

రాత్రి అడవి విలువను ఈ గడ్డ మీదే లెక్కగట్టి చూపినవాడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటు, ఆయనకు సంబంధం లేకుండా కనుక్కున్న శాస్త్రవేత్త. 1854 నవంబరులో సారవాక్ చేరి పద్నాలుగు నెలలు ఉన్నాడు. బాకో ఒడ్డు నుంచి అఖాతం అవతల నీలంగా కనిపించే సంతుబొంగ్ కొండ పాదాన, 1855 ఫిబ్రవరిలో వానలకు ఇంట్లో చిక్కుకుని, కొత్త జాతులు ఎలా పుడతాయన్న దాని మీద తన తొలి ముఖ్యమైన వ్యాసం రాశాడు. ఆ ఏడాది చివర ఆయన కూచింగ్‌కు నైరుతిగా పెనిన్జావ్ కొండ మీద, అప్పటి రాజా జేమ్స్ బ్రూక్ విడిది ఇంట్లో బస చేశాడు. సున్నం కొట్టిన వరండాలో దీపం పెట్టి, గోడ మీద వాలే శలభాల్ని పట్టి రాత్రికి ఎన్నొచ్చాయో రాసుకున్నాడు. 26 రాత్రుల్లో 1,386 శలభాలు. వాటిలో 800కు పైగా కేవలం నాలుగు రాత్రుల్లో దొరికాయి. ఆ నాలుగూ బాగా వాన పడిన, చిమ్మచీకటి రాత్రులు.

ఈ అంకెల్లో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. రాత్రులన్నీ ఒకటి కావు. వెన్నెల తెరిపిగా ఉన్నప్పుడు చిన్న జీవాలు బయటికి రావడానికి జంకుతాయి, శలభాలు దీపానికి రావు. కాబట్టి తేదీ ఎంచుకునేటప్పుడు గోడ మీది తెలుగు క్యాలెండరు తిథి చూడండి. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు రాత్రి నడకకు మేలు. అయితే అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్లు పెద్దవి. జెట్టీ దగ్గర నీళ్లలో దిగాల్సిరావడం అప్పుడే ఎక్కువ. రెండూ కుదరాలంటే బహుళ దశమి, ఏకాదశి మంచి రోజులు. చంద్రోదయం అర్ధరాత్రి దాటాకే, ఆటుపోట్లు మధ్యస్థం.

ఒక్కరోజే కుదిరితే

అందరికీ బస కుదరదు, అందరికీ మంచిది కూడా కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వేళ్లు పైకి తేలిన ఆ బాటలు, చెక్క నిచ్చెనలు కష్టం. గదులు సాదాసీదావి. దోమలుంటాయి, క్యాంటీన్‌లో ఏది ఉంటే అది తినాలి. పసిపిల్లలతో వెళ్లేవాళ్లు ఈ సంగతులు చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో మర్నాడు పడవ నడవకపోయే ప్రమాదం ఉంది. తిరుగు విమానం మర్నాడే ఉంటే అప్పుడు రాత్రి ఉండకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఒక్కరోజే వెళితే దాన్ని బాగా వాడుకునే పద్ధతి ఉంది. పోటు మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వచ్చే రోజు ఎంచుకోండి. అప్పుడు పడవవాళ్లు ఆలస్యంగా తీసుకెళ్లడానికి ఒప్పుకుంటారు. మొదటి పడవకే ఎక్కండి. దిగగానే పీఠభూమి మీదికి పరిగెత్తకుండా టెలోక్ డెలిమా బాటలోకో మడ అడవి వంతెన మీదికో వెళ్లి ఒకచోట కూర్చోండి. యాత్రికుల్లో నాకు తరచూ కనిపించే పొరపాటు నడక. ఎంత దూరం నడిస్తే అంత చూశామనుకుంటారు. అడవిలో కదిలే మనిషిని చూసి జంతువులు ఆగిపోతాయి. ఆగిన మనిషి ముందు కాసేపటికి కదులుతాయి. అరగంట కదలకుండా కూర్చున్న పిల్లలకు, రెండు కొండలెక్కి దిగిన పెద్దలకన్నా ఎక్కువ కనిపిస్తుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు. పొడుగుతోక కోతులు దాన్ని చూస్తే తిండే అనుకుంటాయి, లాక్కునేదాకా వదలవు.

బాకోకు చెప్పిన జవాబు అన్ని అడవులకూ పనికిరాదు. కేరళ సైలెంట్ వ్యాలీనే తీసుకోండి. కుంతిపుళ మీద జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టాలన్న ప్రతిపాదనను ఏళ్ల పోరాటంతో ఆపి, 1984లో జాతీయ పార్కుగా ప్రకటించుకున్న అడవి అది. ముక్కాలి దగ్గర అటవీ శాఖ జీపు ఎక్కితే 23 కిలోమీటర్లు లోపలికి, సైరంధ్రి దాకా తీసుకెళ్లి తీసుకొస్తారు. అడవి నడిబొడ్డున మామూలు యాత్రికుడికి బస లేదు. ఉండకూడదు కూడా. సింహపుతోక కోతి లాంటి జీవాలకు మిగిలిన చోటు అంత కొద్ది. అక్కడ కొన్ని గంటల చూపుతో తృప్తిపడి రావడమే ఆ అడవికి మనం ఇచ్చే గౌరవం.

కౌలాలంపూర్‌లో బంధువులున్న తెలుగువాళ్లు తమాన్ నెగారాకు ఒక్కరోజు టూరు వేస్తుంటారు. పెరాక్‌లోని బగాన్ దాతో లాంటి చోట్ల తరాలుగా స్థిరపడ్డ మన కుటుంబాలు, కొత్తగా ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు అతిథుల్ని ఎక్కడికైనా తిప్పాలని చూస్తారు కదా. తమాన్ నెగారా 4,343 చదరపు కిలోమీటర్ల మహారణ్యం. కౌలాలంపూర్ నుంచి వెళ్లడానికే నాలుగు గంటలు, రావడానికి నాలుగు. అడవిలో గడిపేది అంతకన్నా తక్కువ. అక్కడి అసలు అనుభవం బుంబున్‌లు. జంతువులు ఉప్పుమట్టి నాకడానికి వచ్చే చోట్ల ఎత్తు మీద కట్టిన చెక్క గదులు. రాత్రంతా నిశ్శబ్దంగా కూర్చుంటే టాపిర్ వచ్చినా రావొచ్చు. దానికోసం రెండు రాత్రులు పెట్టుకోలేకపోతే ఆ ప్రయాణం మరోసారికి వాయిదా వేసుకోవడం మేలు. సబాలోని డానుమ్ లోయ మరో రకం. లహద్ దాతు నుంచి రెండు గంటలకు పైగా అడవి దారి. అక్కడికి వెళ్లేవాళ్లు ఎలాగూ ఉండటానికే వెళతారు.

ఇక ప్రయాణం ఏర్పాట్లు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి కూచింగ్ రెండు గంటల లోపే. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి 30 రోజుల వరకు మలేసియా వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటును 2026 చివరి దాకా పొడిగించారు. ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి. సారవాక్‌కు సొంత ఇమిగ్రేషన్ ఉంది. దేశంలోపలి విమానంలో వెళ్లినా పాస్‌పోర్టు చూపాలి.

బాకోలో గదులు కొద్ది. సెలవుల్లో, శని ఆదివారాల్లో తొందరగా నిండిపోతాయి. సారవాక్ ప్రభుత్వ ఆన్‌లైన్ బుకింగ్‌లో గది దొరికిందని తేలాకే కూచింగ్ టికెట్లు కొనండి. పెద్ద పెట్టెలు కూచింగ్ హోటల్లో వదిలి, ఒక్కొక్కరికీ ఒక చిన్న బ్యాగు చాలు. టార్చి, పొడుగు చేతుల చొక్కా, తడిసినా పట్టు జారని చెప్పులు, దోమల మందు, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలో అటుకులో ఉంటే అవి గాలి చొరని డబ్బాలో. వారం మధ్యలో వెళితే రద్దీ తక్కువ. అంతర్జాతీయ విమానానికీ బాకో నుంచి తిరిగి వచ్చే రోజుకూ మధ్య ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.

బస చేసినవాళ్లలో కూడా చాలామంది ఒక పని చేస్తారు. రాత్రి నడక అయ్యాక అలసిపోయి, మర్నాడు ఎనిమిదికి లేచి, తొమ్మిది గంటల పడవకు బయల్దేరతారు. దాంతో తెల్లవారుజాము చేజారిపోతుంది. ఐదున్నరకు అలారం పెట్టుకోండి. కోతులు రాత్రి పడుకున్న చెట్ల మీదే ఇంకా ఉంటాయి, గది బయటికి వచ్చి చూస్తే చాలు. ఎనిమిది దాకా అవి అక్కడే తిని, ఆ తర్వాత అడవిలోకి వెళతాయి. బాకో ఊళ్లో పడవ మాట్లాడుకునేటప్పుడు తిరుగు సమయం అడుగుతారు. ఆటుపోట్ల పట్టిక చూసి, పోటు ఉన్నంతలో వీలైనంత ఆలస్యంగా, "రేపు మధ్యాహ్నం" అని చెప్పండి.